కత్తెర పడవలసింది మాటల మీద కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను విజయవాడలో సర్వర్లు చూసుకునే ఉద్యోగిని. ఇంటి మీద మిద్దెతోట పెంచుతాను. మాబోటి వాళ్లం ఏళ్లుగా మాట్లాడుకుంటున్న ఒక చర్చా సర్వర్‌లో, సభ్యులు పెరిగి నిల్వ ఖర్చు భరించలేకపోతున్నామంటూ 2021కి ముందు సంభాషణలన్నీ గత నెల తీసేశారు. మందారానికి పట్టిన పిండినల్లి గురించి మా అమ్మ అడిగిన ప్రశ్న, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలపమని ఒక పెద్దాయన ఓపికగా రాసిన జవాబు వాటితోనే పోయాయి. అమ్మ ప్రతిసారీ ఆ జవాబు తెరిచి, కళ్లద్దాలు సరిచేసుకుని, సీసా మూతతో కొలిచేది. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు.

ఖర్చు భారమన్న మాట నిజమే. కానీ ఆ భారం అక్షరాలది కాదు. కంప్యూటర్‌లో చోటును కొలిచే చిన్న ప్రమాణం బైటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు; తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మరో మూడు. ‘తెలుగు’ అన్న మాటకే 18 బైట్లు. అయినా సగటున ఒకటిన్నర కిలోబైట్ల సందేశాలు పది లక్షలున్నా, అన్నీ కలిపి ఒకటిన్నర గిగాబైట్లే. డేటాబేస్ సూచికలతో రెట్టింపైనా చిన్న పెన్‌డ్రైవ్‌లో పడతాయి. ఫోనుతో తీసిన మూడు మెగాబైట్ల ఆకు ఫొటో ఒక్కటి అలాంటి రెండు వేల సందేశాలంత చోటు తింటుంది!

కాబట్టి ఫొటోల దగ్గర పొదుపు చేయాలి. వచ్చినప్పుడే వెడల్పును 1600 పిక్సెళ్లకు కుదించి, తక్కువ చోటు తీసుకునే వెబ్‌పీ ఫార్మాట్‌లో దాచితే చాలా తగ్గుతుంది, ఆకు మీద మచ్చ చక్కగానే కనిపిస్తుంది. ఒకే సంక్రాంతి బొమ్మను నలభై మంది పెడితే, ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్‌ను పోల్చి ఒక్క ప్రతే ఉంచవచ్చు. విడివిడి సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లోనైతే ఇతర సర్వర్ల బొమ్మల నకళ్లు గుట్టలుగా పేరుకుంటాయి. పాతబడ్డ నకళ్లను తీసేసినా, అసలు బొమ్మ దాని సొంత సర్వర్‌లో ఉన్నంత కాలం అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఎవరూ తెరవని పాత ఫొటోలను ఫైళ్లను దాచిపెట్టే చవకైన ఆన్‌లైన్ నిల్వకు (ఆబ్జెక్ట్ స్టోరేజీకి) పంపవచ్చు.

చాటింగ్ యాప్ నడిపే డిస్కార్డ్ సంస్థ 2022లో లక్షల కోట్ల సందేశాలను కసాండ్రా అనే డేటాబేస్ నుంచి సిల్లాడీబీ అనే మరో డేటాబేస్‌కి మార్చి, 177 నోడ్ల (సర్వర్ల) పనిని 72తో నడిపింది. అందుకోసం పాత మాటలను పారేయలేదు.

మా సర్వర్ నిర్వాహకులకు నాదొక్కటే విన్నపం. ఆ సంభాషణల బ్యాకప్ ఎక్కడైనా మిగిలి ఉంటే ఇవ్వండి. ఫొటోలు లేకపోయినా ఫర్వాలేదు, అక్షరాలు చాలు. నా ఖర్చుతో నేను దాచి అందరికీ అందుబాటులో ఉంచుతాను.

– ఒక మిద్దెతోట పెంపకందారు, విజయవాడ