లైబ్రరీ చూపించారు, వాడటం నేర్పలేదు

అయ్యా,

డిగ్రీ విద్యార్థులు లైబ్రరీ గడప తొక్కడం లేదని పోయిన వారం మీరు వేసిన వార్తలో తప్పంతా సెల్‌ఫోన్ మీదకే నెట్టారు. పుస్తకం ఎలా వెతుక్కోవాలో ఆ పిల్లలకు ఎవరైనా నేర్పారా అని మాత్రం అడగలేదు.

చాలా కళాశాలల్లో పాఠక శిక్షణ అంటే ఫస్టియర్ చేరిన వారంలోనే అందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి గంటసేపు స్లైడ్లు చూపడం, ఫొటోలు తీసి, కళాశాలలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం ఫైల్లో పెట్టడం. ఒక్క అసైన్‌మెంటు కూడా ఇవ్వని రోజుల్లో చెప్పింది అవసరం పడేసరికి ఎవరికి గుర్తుంటుంది?

ర్యాకు దగ్గర నిలబడి చూడండి. క్వాంటం మెకానిక్స్ పుస్తకానికి 530.12 అని రాసుకొచ్చిన కుర్రాడు 530.4 దాటి ముందుకు వెళ్లి వెతుకుతాడు. నాలుగు కంటే పన్నెండు పెద్దది కదా! విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో చుక్క తర్వాత ఒక్కో అంకే చూడాలి. 1 ముందు, 4 తర్వాత. రెండు నిమిషాల్లో చెప్పగలిగే ఈ ముక్క తెలియక ‘లేదు సార్’ అని వెళ్లిపోతాడు. తెలుగు పుస్తకాలది ఇంకో అవస్థ. లైబ్రరీ కంప్యూటర్ కేటలాగు అయిన ఓపాక్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించిన చోట ‘వ్యాకరణం’ స్పెల్లింగులో ‘ఏ’ ఒకటా రెండా అన్నదాన్ని బట్టి పుస్తకం దొరుకుతుంది. పేరంతా కొట్టొద్దు, రచయిత ఇంటిపేరుతో చూడమని చెప్పాలి. కళాశాలల వాళ్లు ఆన్‌లైన్లో చదువుకోవడానికి 2010లో మొదలైన ఎన్-లిస్ట్‌లో వేల జర్నల్స్, లక్షల ఈ-పుస్తకాలు ఉన్నాయి. కళాశాల పంపిన జాబితాలో మెయిల్ ఐడీ ఒక్క అక్షరం తప్పు పడితే పాస్‌వర్డ్ రాదు. ఎవరిని అడగాలో విద్యార్థికి తెలియదు.

పాతికమంది చొప్పున బ్యాచ్‌లు చేసి, మొదటి అసైన్‌మెంటు ఇచ్చిన వారంలో, లైబ్రరీలోనే 45 నిమిషాలు చెప్పాలి. ఒక్కొక్కరికీ మూడు పుస్తకాల చీటీ ఇచ్చి వెతికించాలి. అందులో ఒకటి ఇష్యూ అయిపోయినది ఉండాలి, రిజర్వు చేసుకోవడం అప్పుడే వస్తుంది.

చెప్పడానికి మనిషేడీ? పోస్టు ఖాళీగా ఉన్న చోట ఏదో సబ్జెక్టు లెక్చరర్‌ను ఇన్‌ఛార్జిగా వేస్తారు, తాళాలు అటెండరు దగ్గర. లైబ్రేరియన్ ఉన్న చోట పరీక్షల డ్యూటీలకు, స్కాలర్‌షిప్ ఫారాలకు వాడుకుంటారు. ఆగస్టు 12న మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి ఫొటోకు దండ వేస్తారు. పాఠకుడి సమయం వృథా కాకూడదని 1931లోనే రాసిన మనిషి ఆయన. దండతో పాటు టైంటేబుల్లో బ్యాచ్‌కు రెండు పీరియడ్లు రాయమని కళాశాల విద్యా కమిషనర్ గారు ప్రిన్సిపాళ్లకు ఒక సర్క్యులర్ పంపాలి.

– ఒక విశ్రాంత లైబ్రేరియన్, తెనాలి