ఒక మాత్ర సింకులో పడితే

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా తమ్ముడికి ఫిట్స్. రోజూ రాత్రి క్లోనజెపామ్ మాత్ర వేసుకుంటాడు. అది నియంత్రిత మందు కాబట్టి ఒకసారికి 30 మాత్రలే ఇస్తారు. ఆ గడువు దాటేదాకా మళ్లీ ఇవ్వరు, ప్రతిసారీ కొత్త చీటీ కావాలి.

పోయిన నెల ఒక మాత్ర వాడి చేతిలోంచి జారి సింకులో పడింది. దాంతో 30వ రాత్రికి అట్ట ఖాళీ. శనివారం మందుల షాపుకి వెళ్తే, షాపతను కంప్యూటర్ తెర మా వైపు తిప్పి చూపించాడు. మందు ఇవ్వాల్సింది మర్నాటి నుంచి అని ఉంది. అతన్ని తప్పు పట్టను, ముందే ఇస్తే అతని లైసెన్సుకే ముప్పు. మర్నాడు ఆదివారం, డాక్టరు లేరు. సోమవారం చీటీ రాయించుకుని వెళ్తే షాపులో 12 మాత్రలే ఉన్నాయి. మిగతా 18 రెండ్రోజుల్లో వచ్చి తీసుకుంటామంటే కుదరదట, మళ్లీ ఇంకో చీటీ తేవాలట!

ఆ రెండు రాత్రులూ మా అమ్మ వాడి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి. మా వాడికి రాలేదు. రాలేదు కాబట్టి మీ రికార్డుల్లో రూలు సక్రమంగా పనిచేసినట్టే లెక్క.

మత్తు మందుల దుర్వినియోగం నిజమే, కట్టడి ఉండాల్సిందే. అయితే ఈ నియంత్రణకు మూలమైన 1971 నాటి అంతర్జాతీయ ఒప్పందం పీఠికలోనే, వైద్య అవసరాలకు ఈ మందుల లభ్యతను అనవసరంగా అడ్డుకోకూడదని రాసుంది. క్లోనజెపామ్, ఫిట్స్‌కే వాడే ఇంకో మందు ఫినోబార్బిటాల్, రెండూ ఆ ఒప్పందం నాలుగో షెడ్యూల్లో (మందుల జాబితాలో) ఉన్నవే.

గడువుకు మూడు రోజుల ముందే మందు ఇవ్వనివ్వండి. నెలకు మూడు చొప్పున ఏడాదికి 36 పోగవుతాయని మీ అధికారులు అనొచ్చు. లెక్క ఏడాది మొత్తం మీద చూడమనండి, తేదీ చూపించిన ఆ కంప్యూటరే కూడిక కూడా చేస్తుంది. స్టాకు చాలకపోతే మిగతాది అదే చీటీ మీద ఇచ్చేలా చేయండి. ఫిట్స్ రోగులకైతే డాక్టరు దొరికేదాకా రెండు మూడు మాత్రలు ఇచ్చి, రిజిస్టర్లో రాసుకునే అధికారం ఫార్మసిస్టుకు ఉండాలి.

ఈసారి అట్ట 22వ తేదీతో అయిపోతుంది. చూశాను, 23 కూడా ఆదివారమే.

ఇట్లు,
ఒక అక్క