డ్రైవరు నిద్ర లెక్క ఎవరు చూస్తున్నారు? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

అయ్యా,

హైదరాబాద్ ఆటోనగర్‌లో ఒక సరుకు రవాణా సంస్థలో రాత్రి షిఫ్టు నాది. లారీలకు బిగించిన జీపీఎస్ పరికరాలు పంపే సమాచారాన్ని స్క్రీన్ మీద చూస్తూ ఏ బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, ఎక్కడ ఆగింది అన్నది ఎప్పటికప్పుడు ఓనరుకు చెప్పడం నా పని. ఇదే సమాచారంతో మనుషుల ప్రాణాలు కాపాడే పని ఒకటి చేయొచ్చు. అది మీ శాఖ చేతిలో ఉంది కాబట్టే మీకు రాస్తున్నాను.

మా స్క్రీన్ మీద కదిలే బండి పచ్చగా కనిపిస్తుంది. ఇంజను ఆన్‌లో ఉండి నిలబడ్డ బండి పసుపు, ఇంజను ఆపేసినది ఎరుపు. పక్కన వరుసగా గడులుంటాయి: ఓవర్ స్పీడ్, సడెన్ బ్రేక్, రూటు తప్పడం, డీజిల్ తగ్గడం. అన్నిటికంటే చివర ఇంకో గడి ఉంది, ఆగకుండా ఎంతసేపు నడిచిందో చెప్పేది. విశాఖ నుంచి లోడుతో బయల్దేరిన బండి విజయవాడ దాటి, చిల్లకల్లు టోల్ దాటి, కోదాడ, సూర్యాపేట మీదుగా వస్తుంటే ఆ గడిలో అంకె పెరుగుతూనే ఉంటుంది. ట్యాంకులో డీజిల్ కాస్త అనుమానంగా తగ్గితే నిమిషాల్లో ఫోన్లు మోగుతాయి. ఈ చివరి గడిలో ఆరు గంటలు పడ్డా, ఏడు పడ్డా అడిగే నాథుడు లేడు. పొద్దున్నే ఓనర్లు అడిగే రిపోర్టులో ఆ గడే ఉండదు.

తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య కొన్ని బండ్ల వేగం ఒక రకంగా మారుతుంది. రోడ్డు ఖాళీ, స్పీడ్ బ్రేకర్ లేదు, ఊరూ లేదు. అయినా అరవై నుంచి నలభైకి పడిపోతుంది, ఉన్నట్టుండి మళ్లీ అరవై ఐదుకు లేస్తుంది. కాసేపటికి మళ్లీ అదే. డ్రైవరు కునికిపాట్లు పడుతున్నాడని మాకు అర్థమైపోతుంది. ఫోన్ చేయడం తప్ప మా చేతిలో ఏమీ లేదు. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఫోన్ చేయడం కూడా ప్రమాదమే. బండి పక్కకు ఆపి ఓ గంట పడుకోమని చెప్పే అధికారం మాకు లేదు. గోడౌన్‌లో సరుకు దిగాల్సిన టైము ముందే రాసి ఉంటుంది.

చట్టంలో లోటు లేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వరుసగా 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో రాశారు. అది ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయినా రోజుకు 8 గంటల మాట అలాగే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 91 కూడా డ్రైవర్ల పని గంటల గురించే. డ్రైవర్ల పని గంటలను ముందే నిర్ణయించి, వాటిని నమోదు చేయాలని యజమానులను ఆదేశించే అధికారాన్ని ఆ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. అప్పట్లో నమోదు అంటే పుస్తకంలో రాయడం, ఆ పుస్తకంలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చు. ఇప్పుడు బండే తన లెక్క తాను రాస్తోంది. ఎక్కడ ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగింది అన్నీ అందులో ఉంటాయి. అనుమానముంటే టోల్ గేట్ దగ్గర ఫాస్టాగ్ టైముతో సరిచూసుకోవచ్చు.

కేంద్రం లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ నివేదికలో కారణాల పట్టికలో అతివేగం, తాగి నడపడం, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్ ఉంటాయి. నిద్రకు అక్కడ సొంత వరుస లేదు. కునుకు పట్టి ముందు ఆగి ఉన్న లారీని గుద్దిన బండి కూడా చివరికి అతివేగంలోనో, ఇతర కారణాల్లోనో చేరుతుంది. చనిపోయిన డ్రైవరు మీదే నిర్లక్ష్యం కేసు రాసి ఫైలు మూసేస్తారు. అతను ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో ఎవరూ అడగరు. జవాబు ఏదో ఒక కంపెనీ సర్వర్‌లో ఉండే ఉంటుంది.

లారీ డ్రైవర్లకు పైలట్ల మాదిరిగా పని గంటలు నిర్ణయించాలని, నిద్రను గుర్తుపట్టే సెన్సర్లు పెట్టాలని కేంద్ర మంత్రి గడ్కరీ గారు 2021లోనే అన్నారు. యూరప్ దేశాల్లో లారీల్లో నడిపిన గంటలను నమోదు చేసే టాకోగ్రాఫ్ అనే పరికరం ఉంటుంది. డ్రైవరు తన కార్డు పెట్టి బండి నడపాలి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాల్సిందే. మన దగ్గర జీపీఎస్‌కు బండి నడుస్తోందని తెలుసు కానీ ఎవరు నడుపుతున్నారో తెలియదు. ఇద్దరు డ్రైవర్లున్నట్టు కాగితం మీద చూపించి ఒక్కరినే పంపితే పట్టుకునే దారి లేదు. ట్రాకర్‌కు చిన్న కార్డు రీడర్ తగిలిస్తే ఈ చిక్కు తీరుతుంది.

నేను కోరేది ఇది. సెక్షన్ 91 కింద నిబంధన తెచ్చి, ట్రాకర్లున్న ప్రతి రవాణా సంస్థా డ్రైవరు వారీగా నడిపిన గంటలు, విశ్రాంతి గంటలు నమోదు చేసి మీ శాఖకు పంపేలా చేయండి. మొదట రాత్రిపూట తిరిగే ప్రైవేటు బస్సులతో మొదలుపెట్టవచ్చు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 125హెచ్ ప్రకారం 2019 జనవరి 1 నుంచి రిజిస్టర్ అయిన ప్రయాణికుల బస్సుల్లో లొకేషన్ ట్రాకరు, ఎమర్జెన్సీ బటన్ తప్పనిసరి. అంటే వాటిలో పరికరం ఇప్పటికే ఉండాలి. ఈ బస్సుల్లో వేరే రాష్ట్రాల నంబర్లున్నవీ తక్కువేం కాదు. ఎక్కడ రిజిస్టర్ అయినా మన సరిహద్దు లోపల తిరిగినంతసేపు దాని సమాచారం మన కంట్రోల్ రూమ్‌కు వచ్చేలా పొరుగు రాష్ట్రాలతో మాట్లాడండి.

జరిమానా మాత్రం డ్రైవరు మీద వేయకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ట్రాకర్ వైరు పీకేసే డ్రైవర్లున్నారు, వాళ్లతో రోజూ మాట్లాడుతుంటాను. ఆ డబ్బా వచ్చాక తిట్లు, బత్తాలో కోతలే తప్ప వాళ్లకు ఒరిగిందేమీ లేదు. ట్రిప్పుకింత అని బత్తా ఇస్తారు, ఆగితే ఆ రోజు సంపాదన పోతుంది. ఇంత టైములో చేరాలని ఎవరు రాసిచ్చారో వాళ్లే జవాబు చెప్పాలి. డ్రైవరు తన గంటల లెక్కను తన ఫోన్‌లో చూసుకునే హక్కు ఉండాలి. ‘అయిదు గంటలైంది సార్, చట్టం ప్రకారం ఆపుతున్నా’ అని చెప్పి ఆపినందుకు బత్తా కోయకూడదని నిబంధనలోనే రాయండి. అలా రాస్తే ఆ వైరును ఊడకుండా వాళ్లే చూసుకుంటారు.

ఆపమంటే ఎక్కడ ఆపాలి అన్నది తర్వాతి ప్రశ్న. రోడ్డు పక్కన ఆపి పడుకుంటే వెనక నుంచి వచ్చే బండి గుద్దుతుందని భయం, డీజిల్ తీస్తారని భయం. విజయవాడ హైవే మీద లైట్లు, నీళ్లు, మరుగుదొడ్డి, కాపలా ఉన్న లారీ పార్కింగ్ ఎక్కడెక్కడ కావాలో మా బండ్లు ఆగిన చోట్ల మ్యాపు చూస్తేనే తెలిసిపోతుంది. జాతీయ రహదారుల సంస్థకు ఆ జాబితా మీ శాఖ నుంచి వెళ్లాలి.

కొత్త యాప్ ప్రారంభించడం కంటే ఈ నిబంధన తేవడం కష్టమని తెలుసు. ఓనర్ల సంఘాలు ఒప్పుకోవు. ఒక డ్రైవరు చేసే పనికి ఇద్దరికి జీతమివ్వాలి, సరుకు కొంత ఆలస్యంగా చేరుతుంది, కిరాయి కొంత పెరుగుతుంది. అది భరించాల్సిన ఖర్చేనని నా అభిప్రాయం. ముసాయిదా తయారుచేసే ముందు మీ అధికారులను ఒక రాత్రి ఏదైనా కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టండి. డ్రైవర్ల సంఘాలను కూడా పిలిచి మాట్లాడండి. పిలిస్తే నేనూ వచ్చి ఆ చివరి గడి గురించి నాకు తెలిసినంతా చూపిస్తాను.

ఇట్లు,
రాత్రి షిఫ్టు కంట్రోల్ రూమ్ ఉద్యోగి,
ఆటోనగర్, హైదరాబాద్