అది నిద్ర లేవడమేంటి, పడుకుంటే కదా!

సంపాదకుడు గారికి,

అండమాన్‌లో బారెన్ ద్వీపం కాస్త పొగ వదిలితే చాలు, పత్రికల్లోనూ టీవీల్లోనూ "నిద్ర లేచిన అగ్నిపర్వతం", "కోస్తాకు సునామీ గండం?" అని హెడ్డింగులు పడిపోతున్నాయి. చివర్లో ఆ ప్రశ్నార్థకం ఒకటి తగిలిస్తే బాధ్యత తీరిపోయినట్టే. పక్కన వేసే ఫొటో అయితే హవాయిదో ఐస్‌లాండ్‌దో, కొండ మీంచి ఎర్రటి లావా ఏరులా పారుతూ ఉంటుంది. 2025 సెప్టెంబరులో వారం తేడాతో రెండుసార్లు అది చిన్నగా పేలినప్పుడు ఇలాంటి క్లిప్పింగ్ ఒకటి వాట్సాప్‌లో మా ఊరంతా తిరిగింది. మా శ్రీకాకుళం జిల్లా వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీవిజయపురం అనాలి) తరాల నుంచి ఉన్నారు, మా తమ్ముడి కుటుంబమూ అక్కడే. అమ్మ టెన్షన్‌తో వాడికి ఫోన్ చేసి "పిల్లల్ని తీసుకుని వచ్చీరా" అంటే, వాడు "ఏ అగ్నిపర్వతమే అమ్మా?" అన్నాడు. అక్కడికి బారెన్ దాదాపు 140 కిలోమీటర్ల దూరం, వాళ్ల ఇంటి నుంచి పొగ కూడా కనబడదు. మన విశాఖ నుంచైతే వెయ్యి కిలోమీటర్లకు పైమాటే.

సరే, అసలు సంగతికొస్తాను. రాతల్లోకి ఎక్కిన దాని మొదటి పేలుడు 1787 నాటిది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్, అదే ఎవరి పేరు పోర్ట్‌బ్లెయిర్‌కు పెట్టారో ఆయన, అటు వెళ్లినప్పుడూ అది మండుతూనే ఉంది. 1803లో ఓడ మీద వెళ్తున్నవాళ్లు పది నిమిషాలకోసారి నల్లటి పొగ నిలువుగా ఎగదన్నుతోందని రాసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి మాత్రం చప్పుడు లేదు, అది చల్లారిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1991లో మళ్లీ మొదలై ఆరు నెలల పాటు కక్కింది. "నిద్ర లేచింది" అనే మాట ఏదైనా సంవత్సరానికి చెల్లితే ఆ ఒక్క 1991కే చెల్లుతుంది. ఆ తర్వాత 1994-95లో, మళ్లీ 2005 నుంచి ఆగుతూ సాగుతూ కొన్నేళ్లు, 2017లో, ఇలా వస్తూనే ఉంది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఆ దగ్గర్లో సముద్రం అడుగు మట్టి నమూనాలు తీస్తుంటే, వాళ్ల కళ్లముందే బూడిద చిమ్మింది. అయిదు పది నిమిషాలపాటు చిమ్మడం, ఆగడం, మళ్లీ చిమ్మడం. పగలు బూడిద మేఘమే కనిపించింది, పొద్దుగూకాక గానీ ఎర్రటి లావా కనబడలేదు. 1803 నాటి నావికుడి మాటకూ దీనికీ తేడా ఎంత? రెండు వందల ఏళ్లుగా దాని తీరే అది. ఇది "భయానక విస్ఫోటనం" ఎలా అవుతుందో మీ డెస్క్ వాళ్లే చెప్పాలి.

దానికి కారణమూ ఉంది. అక్కడ పైకొచ్చేది ఎక్కువగా బసాల్ట్ లావా, పల్చగా ఉంటుంది, లోపలి వాయువులు ఎప్పటికప్పుడు బయటపడిపోతాయి. లావా చిక్కగా ఉండి వాయువు లోపలే బిగుసుకుపోయే కొండలతోనే అసలు ప్రమాదం. అలాంటిది పేలితే ఏమవుతుందో చూడాలంటే అండమాన్ దాకా కూడా వెళ్లక్కర్లేదు, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం వెళ్తే చాలు. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన బూడిద అక్కడ జుర్రేరు లోయలో పొరగా పేరుకుని ఇప్పటికీ ఉంది. ఆ పొరకు కిందా పైనా కూడా ఆనాటి మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. మన నేలలో ఇంత పెద్ద కథ ఉంటే, దాని మీద ఒక్క ఆదివారం వ్యాసం చదివిన గుర్తు నాకు లేదు!

అలాగని బారెన్ పరమ సాధువు అని నేను అనను. ఇప్పుడు పొగ వచ్చే చిన్న కొండ చుట్టూ రెండు కిలోమీటర్ల వెడల్పున వలయంలా పాత అగ్నిపర్వతపు రాతి గోడ ఒకటి ఉంది, ఎవరూ రాసి పెట్టని కాలంలో అక్కడ చాలా పెద్దదే జరిగిందనడానికి అదే సాక్ష్యం. పైకి మూడు వందల మీటర్ల చిల్లర కనిపించే ఆ కొండ నీటి కింద రెండు కిలోమీటర్లకు పైగా ఉంది. అంటే మనం చూసేది కొస మాత్రమే.

సునామీ గురించి అడగాల్సిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది, దాన్ని ఎవరూ అడగడం లేదు. 2018 డిసెంబరు 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం పక్క భాగం విరిగి సముద్రంలో పడింది. గంట లోపే అలలు తీరానికొచ్చి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ముందుగా హెచ్చరిక లేదు, ఎందుకంటే హెచ్చరిక వ్యవస్థ పెద్ద భూకంపం కోసం కాచుకుని ఉంటుంది, ఆ రాత్రి అలాంటి భూకంపమే రాలేదు. మన దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) పనిచేస్తోంది. అక్కడా ముందు పట్టేది భూకంపాన్నే, తర్వాత సముద్రమట్టం కొలిచే యంత్రాలతో, సముద్రం అడుగున పెట్టిన పరికరాలతో సరిచూస్తారు. మరి భూకంపం లేకుండా కొండచరియ జారితే అలను ఎంతసేపట్లో పట్టగలరు? బారెన్ చుట్టూ నీటి కింద వాలు ఎలా ఉందో ఎవరైనా గమనిస్తున్నారా? పోర్ట్‌బ్లెయిర్ వాళ్లకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి?

మీ ఆఫీసు నుంచి ప్రగతినగర్‌కు సిటీ బస్సులో వెళ్లొచ్చు. ఒక విలేకరిని పంపి ఈ మూడూ అడిగించి, వాళ్లు ఏం చెప్తే అది వేయండి, ఫొటో మాత్రం బారెన్‌దే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా