గోదావరి ఒండ్రుకు లెక్క ఏది? కేంద్ర జల్‌శక్తి శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర జల్‌శక్తి శాఖ మంత్రివర్యులకు,

గోదావరి గురించి జరిగే చర్చ దాదాపు అంతా ఏ రాష్ట్రానికి ఎన్ని టీఎంసీలు అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఆ నీటితో పాటు కదలవలసిన ఇసుక, మట్టి గురించి ఈ లేఖ రాస్తున్నాను. డెల్టా నిలబడడానికి నీరు ఎంత అవసరమో ఒండ్రు కూడా అంతే అవసరం. అయినా అది ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది, చివరికి సముద్రతీరానికి ఎంత చేరుతోంది అన్న విషయాలు మన నదీ విధానంలో చోటు దొరకక మిగిలిపోయాయి.

అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, త్ర్యంబకేశ్వరం వద్ద బ్రహ్మగిరి కొండల్లో పుట్టిన ఈ నది, దక్కన్ పీఠభూమి తూర్పు వాలును అనుసరించి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తోంది. 3,12,812 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం అంటే దేశ భూభాగంలో పదో వంతుకు కాస్త తక్కువ. ఎగువన ఒకనాటి లావా గడ్డకట్టిన నల్లరాయి, అది శిథిలమై ఏర్పడిన నల్లరేగడి నేలలు ఉన్నాయి. ప్రాణహిత, గోదావరి లోయలో సింగరేణి బొగ్గును దాచుకున్న గోండ్వానా ఇసుకరాళ్లు, దిగువన పాపికొండల వద్ద నదిని ఇరుకు దారిలో నడిపించే తూర్పు కనుమలు ఉన్నాయి. వీటన్నిటినీ ఒరుసుకుంటూ వచ్చిన ప్రవాహం ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వశిష్ఠగా చీలి, వేగం తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రును మేటలు వేసింది. కోనసీమలో వరి పండే ప్రతి మడి, కొబ్బరి నిలిచిన ప్రతి దిబ్బ, ఏటి మధ్య లంకలు, కోరంగి మడ అడవులు పాతుకున్న బురద నేల అన్నీ అలా వేల ఏళ్లపాటు పొర మీద పొరగా పేరుకున్నవే.

అలా పేరుకున్న నేల తన బరువుకే ఏటా కొంత అణగిపోతుంది కాబట్టి పైన కొత్త ఒండ్రు పడుతూ ఉంటేనే దాని మట్టం నిలుస్తుంది. ఆ రాక ఆగితే సముద్రం ముందుకు వస్తుంది, పాయల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది, చేలల్లో చవుడు తేలుతుంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గిందని డెల్టాపై పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. తీరం కోతకు ఇదొక్కటే కారణమని నేను వాదించడం లేదు. ఉప్పాడ వంటి చోట్ల అలల దిశ, తీరం వెంట చేసిన నిర్మాణాలు కూడా కారణమే. కానీ కోతకు గురైన ఒడ్డును మళ్లీ పూడ్చుకునే శక్తి నదికి తగ్గిపోయిందన్నది కాదనలేని విషయం.

ఆగిన ఒండ్రు ఎక్కడికి పోయిందో వెతకడానికి దూరం వెళ్లనవసరం లేదు. 112 టీఎంసీల నిల్వ కోసం నిర్మించిన శ్రీరాంసాగర్ సామర్థ్యం 1994 సర్వే నాటికే సుమారు 90 టీఎంసీలకు పడిపోయింది. అంటే ఎగువ రైతు నష్టపోయిన నిల్వ, దిగువ రైతు నష్టపోయిన నేల ఒకే పూడికలో ఉన్నాయి. జలాశయంలోకి ప్రవేశించగానే నీటి వేగం తగ్గి బరువైన ఇసుక ఎగువ కొసనే దిగిపోతుంది, సన్నని బురద మాత్రమే ఆనకట్ట గోడ దాకా వస్తుంది. అందుకే ఒకసారి మేట వేసిన ఇసుకను తర్వాత గేట్లెత్తి పంపడం చాలా కష్టం. పూడిక తీస్తామని ప్రతి వేసవిలో వినిపించే మాటలు ఈ పరిమాణం ముందు చాలవు. వరద మొదటి రోజుల్లో, బురదనీరు అత్యధికంగా వచ్చేటప్పుడు బ్యారేజీల గేట్లను ఎలా నడపాలన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

జలాశయాలను దాటి వచ్చిన ఇసుకను ర్యాంపులు, రీచ్‌ల (ఇసుక తవ్వకానికి కేటాయించిన నదీ భాగాల) వద్ద తవ్వుకుపోతున్నారు. 2020లో పర్యావరణ శాఖ జారీ చేసిన ఇసుక తవ్వకాల మార్గదర్శకాలు, వర్షాకాలంలో నది తిరిగి ఎంత ఇసుక నింపుతోందో అధ్యయనం చేయాలని చెప్పాయి. ఆ అధ్యయనం రీచ్ రీచ్‌కీ, జిల్లా జిల్లాకీ విడివిడిగా జరిగితే ప్రయోజనం లేదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే ఇసుక రాష్ట్ర సరిహద్దులు చూసి ఆగదు. ఇక కృష్ణా, గోదావరి బేసిన్‌లో సహజవాయువు వెలికితీతతో నేల కుంగుతోందా అని కోనసీమ రైతులు చాలాకాలంగా అడుగుతున్నారు. వారికి నేల మట్టాల కొలతలతో కూడిన బహిరంగ సమాధానం దక్కాలి.

గోదావరి జలాలు వృథాగా సముద్రం పాలవుతున్నాయని పార్టీలకు అతీతంగా నాయకులు అనే మాట నన్ను ఎక్కువగా బాధిస్తుంది. సముద్రంలో కలిసే వరదే ఉప్పును వెనక్కి నెడుతోంది, చేపలు, రొయ్యలు పెరిగే మడ అడవులకు మంచినీరు అందిస్తోంది, తీరానికి ఇసుక చేరవేస్తోంది. గోదావరిపై ఉన్న ఇచ్చంపల్లి నుంచి కావేరి వైపు నీటిని మళ్లించే నదుల అనుసంధాన ప్రతిపాదనను నేను గుడ్డిగా వ్యతిరేకించడం లేదు, కరవు ప్రాంతాల దాహం నిజమైనదే. అయితే డెల్టాకు ఏ నెలలో ఎంత ప్రవాహం, ఎంత ఒండ్రు తప్పనిసరో తేల్చకుండా ఎంత నీరు మిగులుతుందో ఎలా నిర్ణయిస్తారు? 1980లో వెలువడిన బచావత్ ట్రైబ్యునల్ తీర్పు గోదావరి నీటిని రాష్ట్రాల మధ్య పంచింది. నాలుగు దశాబ్దాల తర్వాత అదే కొలమానంతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు.

పోలవరం వంటి కేంద్రాల వద్ద కేంద్ర జల సంఘం ప్రవాహంతో పాటు ఒండ్రును కూడా కొలుస్తోంది కనుక ఈ పని శూన్యం నుంచి మొదలుపెట్టవలసిన అవసరం లేదు. ఆ కొలతలను, జలాశయాల పూడిక సర్వేలను, ఇసుక తవ్వకాల పరిమాణాలను కలిపి, మహారాష్ట్ర నుంచి అంతర్వేది వరకు మొత్తం పరీవాహక ప్రాంతానికి ఒకే వార్షిక ఒండ్రు లెక్కను తెలుగు, మరాఠీ, ఒడియా, హిందీ భాషల్లో ప్రచురించమని ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. ఆ లెక్క వెలువడేవరకు డెల్టా ఎగువన కొత్త ఇసుక రీచ్‌లకు అనుమతులు ఆపమని రాష్ట్రాలకు సూచించండి. అనుసంధాన ప్రాజెక్టు సమగ్ర నివేదికలో ఒండ్రుపై, డెల్టా మట్టంపై ప్రత్యేక అధ్యాయం చేర్చి, దానిపై కోనసీమలోనే బహిరంగ విచారణ జరిపించండి.

భవదీయుడు,
గోదావరి డెల్టా పౌరుడు