ఖాళీలు పూరిస్తే పెళ్లి ప్రసంగం అవుతుందా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పెళ్లి వేదికపై తడబడకుండా మాట్లాడడం ఎలాగో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ముందు భయాన్ని జయించాలని, అద్దం ఎదుట నిలబడి చిరునవ్వును సాధన చేయాలని, ఆపైన వ్యాసం చివర ఇచ్చిన రెండు నమూనా ప్రసంగాల్లో వధూవరుల పేర్లకు వదిలిన ఖాళీలను పూరించుకుంటే సరిపోతుందని అందులో రాశారు. సరిగ్గా ఇలాంటి సలహానే నమ్ముకుని నిండు సభలో నోట మాట రాక నిలబడిపోయినదాన్ని కాబట్టి, ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

కొన్నేళ్ల కిందట నా ప్రాణస్నేహితురాలి పెళ్లిలో మాట్లాడమన్నారు. ఎక్కడిదో ఒక ప్రసంగాన్ని దించుకుని, పేర్లు మార్చి, సెల్‌ఫోన్‌లో పెట్టుకుని వేదిక ఎక్కాను. మధ్యమధ్య తలెత్తి అందరినీ చూడాలని ఎవరో చెప్పి ఉన్నారు గనుక రెండో పేరా చివర తలెత్తాను. తిరిగి దించేసరికి ఫోను తెర నల్లబడి ఉంది. చెమట పట్టిన బొటనవేలిని అది గుర్తుపట్టలేదు. వేలు తుడుచుకుని మళ్లీ ఆనించాను, మళ్లీ అదే. అంకెలు నొక్కబోతే రోజుకు వందసార్లు నొక్కే ఆ నాలుగు అంకెలూ గుర్తుకు రాలేదు. చిన్నప్పటి నుంచి పక్కపక్కనే కూర్చుని చదువుకున్న మనిషి గురించి, ఆ క్షణాన, ఒక్క వాక్యమైనా నా నోటికి రాలేదు. 'ఇద్దరూ చల్లగా ఉండాలి' అని దిగివచ్చేశాను.

అదంతా భయం వల్లనే జరిగిందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ ప్రసంగంలోని వెన్నెలలాంటి నవ్వూ వెన్నలాంటి మనసూ నేను కళ్లారా చూసినవి కావు. చూసినదాన్ని మరిచిపోతే మనసులో వెతుక్కోవడానికి ఒక చోటంటూ ఉంటుంది. అరువు తెచ్చుకున్న వాక్యం జారిపోతే దానికి వెనక ఏమీ ఉండదు. మీ వ్యాసం భయం దగ్గర మొదలై ప్రసంగం దగ్గర ముగిసింది. నా మనవి ఏమిటంటే, దారి సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో ఉందని.

మా అన్నయ్య ఉదాహరణ చెబుతాను. ఆయన మితభాషి. ఇంట్లో ఫోను మోగితే పక్కవారికి అందించే రకం. కూతురి పెళ్లిలో నాలుగు మాటలు మాట్లాడవలసి వచ్చినప్పుడు నన్ను పిలిచి, "నువ్వే ఏదో ఒకటి రాసిపెట్టమ్మా, చూసి చదివేస్తాను" అన్నాడు. పిల్ల గురించి ఏం చెప్పాలని ఉందని అడిగితే, "మంచిది, తెలివైనది, ఓర్పు గలది" అన్నాడు. ఈ మూడు మాటలూ ఏ పెళ్లికూతురి గురించైనా చెప్పవచ్చు. "ఓర్పు ఎక్కడ చూశావు అన్నయ్యా?" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "గోడగడియారం" అన్నాడు.

పదేళ్ల వయసులో ఆ పిల్ల, ఆగిపోయిన గోడగడియారాన్ని ఎవరికీ చెప్పకుండా కిందికి దించి, నేలమీద పాత దుప్పటి పరిచి, భాగాలన్నీ విప్పి వరసగా పేర్చిందట. సాయంత్రానికి మళ్లీ బిగించింది. గడియారం నడిచింది గానీ ఒక చిన్న స్క్రూ మిగిలిపోయింది. తిట్లు తప్పవనుకుని దాన్ని పెన్సిళ్ల డబ్బాలో దాచుకుంది. ఆ గడియారం ఇప్పటికీ వాళ్లింట్లో నడుస్తూనే ఉంది, పది నిమిషాలు ముందుగా. ఇది చెబుతున్నంతసేపూ మా అన్నయ్య కాగితం కోసం చూడలేదు, ఒక్కసారి కూడా ఆగలేదు, చేతులతో ఆ స్క్రూ ఎంత చిన్నదో చూపిస్తూ నవ్వాడు. మాట రాని మనిషి అని మేమందరం అనుకున్న ఆయన అరగంట మాట్లాడాడు. ఆత్మవిశ్వాసం అని మీ వ్యాసకర్త పదేపదే రాసినది ఏదో, అది ఆ అరగంటలో నా ఎదుట ఉంది. దానికోసం ఎవరూ అద్దం ముందు నిలబడలేదు.

అయితే ఇంట్లో చెప్పుకునే ముచ్చట వేదిక మీద అలాగే ప్రసంగం కాదు. గడియారం వైపు చూస్తూ మొదటిసారి పైకి చెప్పించినప్పుడు పదకొండు నిమిషాలు పట్టింది. ఆ గడియారం ఎప్పుడు కొన్నారు, ఎవరు కొన్నారు, దానిమీద ఇంట్లో ఎవరెవరికి మాటామాటా వచ్చింది అన్నవన్నీ తీసేసి నాలుగు నిమిషాలకు కుదించాం. అంతకు మించి పెళ్లివారు ఎవరి మాటలూ వినరని నా అనుభవం; తమ వంతు కోసం మరొకరు ఎదురుచూస్తూ ఉంటారని కూడా గుర్తుంచుకోవాలి. కాగితం మీద ఎన్ని పుటలు వచ్చాయో లెక్కపెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నవ్వులకు, చప్పట్లకు, గుటకలు మింగడానికి పట్టే వ్యవధి కాగితం మీద కనిపించదు. నిలబడి, గొంతెత్తి, ఆగవలసిన చోట ఆగుతూ చెప్పి చూసుకుంటేనే అసలు నిడివి తేలుతుంది.

సాధన గురించి మీ వ్యాసం 'ముందురోజు రాత్రి పదిసార్లు చదువుకోండి' అని ఒక్క వాక్యంతో ముగించింది. అన్నిటికన్నా ఎక్కువగా విభేదించవలసింది నాకు ఇక్కడే కనిపించింది. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారిని, ఒకసారి చదివాక చూడకుండా గుర్తుతెచ్చుకున్నవారిని పోల్చారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే తలచుకున్నవారికి ఎక్కువ గుర్తుంది. అంటే పదిసార్లు చదివిన రాత్రి కలిగే ధీమా మన సొంతం కాదు, కళ్ల ముందున్న కాగితానిది. మా అన్నయ్య పెళ్లికి రెండు వారాల ముందు నుంచి రోజుకు ఒకటి రెండుసార్లు, కాగితం పక్కగదిలో వదిలి వచ్చి, వాకిట్లో నడుస్తూ చెప్పుకునేవాడు. మరిచిపోయిన చోట ఆగి తలచుకునేవాడు గానీ పరుగెత్తి చూసుకునేవాడు కాదు. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టాడు; గుండె ఎక్కువగా కొట్టుకునేది మొదట్లో, దిగే దారి తెలియక తిరిగేది చివర్లో కాబట్టి. మధ్యలోదంతా ఏ రోజుకు ఆ రోజు వేరే మాటల్లో వచ్చేది. రానిచ్చాం. జేబులో చిన్న అట్టముక్క మీద ఐదే మాటలు పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను. అట్టముక్క తెర నల్లబడదు.

ఇక భయం సంగతి. అది పోవాలని నేను అనను, పోతుందనీ అనను. ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరిగితే గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. 'కంగారుపడకు' అని ఎవరైనా అన్నంత మాత్రాన అది తగ్గిపోదు. ఊపిరి పీల్చినదానికన్నా విడవడానికి ఎక్కువ సమయం తీసుకుంటే గుండె వేగం కొంత నెమ్మదిస్తుంది, అంతవరకే. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనంలో, ప్రసంగానికి ముందు 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అని చెప్పుకున్నవారికన్నా 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి చెప్పుకున్నవారి ప్రసంగాలే విన్నవారికి మెరుగ్గా తోచాయి. వారి ఆందోళన తగ్గిందేమీ లేదు. దానికి పెట్టుకున్న పేరు మాత్రం మారింది. మరొకటి కూడా చెప్పాలి. మన వణుకు మనకు కనిపించినంతగా ఎదుటివారికి కనిపించదని సావిట్‌స్కీ, గిలొవిచ్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 2003లో ప్రయోగపూర్వకంగా చూపించారు. అంతేకాదు, ఈ సంగతిని ముందే తెలుసుకున్నవారు మిగిలినవారికన్నా బాగా మాట్లాడారు కూడా. అందుకే 'నేను వక్తను కాను, తప్పులుంటే మన్నించండి' అని మొదలుపెట్టడం నాకు నచ్చదు. లేని తప్పులను వెతకమని సభకు మనమే చెప్పినట్లవుతుంది.

హాస్యం విషయంలో వ్యాసకర్త చూపిన ఉదారత కూడా నాకు మింగుడుపడలేదు. పాత ప్రేమలు, జీతాలు, ఒంటి బరువు, తప్పిన పరీక్షలు ఎంత నవ్వు తెప్పించేవైనా ఆ రోజుకు పనికిరావు. ఎవరిమీద హాస్యమాడుతున్నామో ఆ మనిషే అందరికన్నా ముందు నవ్వగలగాలి, లేకపోతే దాన్ని వదిలేయడమే మర్యాద. మా అన్నయ్య మా మేనకోడలికి ముందే ఆ గడియారం కథ చెప్పి అనుమతి అడిగాడు. ఆ పిల్ల పగలబడి నవ్వి, ఆ స్క్రూ ఇప్పటికీ తన దగ్గరే ఉందని చెప్పింది.

మైకు గురించి మీ వ్యాసంలో ఒక్క మాటైనా లేదు. దాన్ని పెదాలకు ఆనించుకుంటే ప, భ లాంటి అక్షరాల గాలి దబదబమని మోగుతుంది. గడ్డానికి కొంచెం దిగువగా, పిడికెడు దూరంలో పట్టుకుంటే చాలు. పైనున్న జాలీని గుప్పిట్లో మూయకూడదు, స్పీకరు పెట్టెకు ఎదురుగా వెళ్లకూడదు. తన శబ్దమే తిరిగి తనలోకి చేరి కీచుమంటుంది.

మా అన్నయ్య ప్రసంగంలో తడబాటు లేకపోలేదు. ఆ గడియారం మా అమ్మది. ఆమె ఇప్పుడు లేదు. ఆ మాట చెప్పవలసిన చోట గొంతు పూడుకుపోతుందని తెలుసు కాబట్టి దాన్ని చివర్లో కాకుండా మధ్యలో, ఒకే వాక్యంగా, నవ్వు వచ్చే సందర్భానికి ముందు పెట్టుకున్నాం. అనుకున్నట్లే గొంతు పూడుకుపోయింది. ఆగాడు, ఒక గుక్క నీళ్లు తాగాడు, అదే వాక్యాన్ని మొదటి నుంచి చెప్పాడు. ఆ మౌనం ఎవరికీ లోపంగా అనిపించలేదు. ఆ తర్వాత పెళ్లికొడుకు వైపు తిరిగి, "బాబూ, మా అమ్మాయి ఏది బాగుచేసినా ఒక స్క్రూ మిగులుతుంది. నువ్వేం కంగారుపడకు, అది నడుస్తుంది" అన్నాడు. సభంతా నవ్వులతో నిండిపోయింది. అట్టముక్క జేబులోంచి బయటికి రాలేదు.

ఈ శీర్షికను మీరు మళ్లీ వేయదలిస్తే, నమూనా ప్రసంగాలకు కేటాయించిన చోటులో ఈ ప్రశ్నలను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ మనిషి చేయగా మీరు కళ్లారా చూసిన పని ఏమిటి? అప్పుడు ఆ గదిలో ఇంకా ఎవరున్నారు? ఆ పని గురించి వింటే, కొత్తగా కుటుంబంలోకి వస్తున్నవారికి ఆ మనిషి గురించి ఏం తెలుస్తుంది? దాన్ని నాలుగు నిమిషాల్లో, కాగితం చూడకుండా, మీ ఇంట్లోవారికి చెప్పి చూశారా?

భవదీయురాలు,
ఒక పాఠకురాలు