పొద్దుటి ఏడుపు, సాయంత్రపు పలకరింపు

డే కేర్ తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచినప్పటి నుంచి ఆఫీసుకు వస్తున్న ఫోన్లలో చాలావరకు ఒకటే ప్రశ్న: "మా పాప ఏడుపు ఆపిందా, మేడం?" ఆపుతుంది. రెండు మూడేళ్ల పిల్లలు గేటు దగ్గర ఏడవడం సహజం. నేను గమనించేది సాయంత్రం. మీరు వచ్చినప్పుడు బిడ్డ మీ దగ్గరికి ఎలా వస్తుందో చూస్తే తన మనసు ఎలా ఉందో కొంత తెలుస్తుంది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఏడాది వయసు పిల్లలతో ఈ సంగతే పరిశీలించారు. బొమ్మలున్న కొత్త గదిలో తల్లీబిడ్డలను ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి, మళ్లీ రప్పించేవారు. తల్లి వెళ్లినప్పటి ఏడుపు కన్నా, తిరిగి వచ్చినప్పటి తీరే ఎక్కువ చెప్పింది. చంకెక్కి, కాసేపు వెక్కి, మళ్లీ ఆటలో పడ్డ పిల్లలకు తల్లి మీద భరోసా ఉంది. కొందరు మాత్రం తల్లి వచ్చినా తలెత్తకుండా ఆడుకున్నారు. ఎంత బుద్ధిమంతులో అనిపిస్తుంది. తర్వాతి పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగం కొలిస్తే లోపలి కలవరం బయటపడింది. అందుకే "మావాడు అసలు ఏడవడు" అని గర్వంగా చెప్పేవారిని నేను రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాను. అలాగని ఒక్క సాయంత్రం చూసి బిడ్డకు ముద్ర వేయకండి. ఆకలి, అలసట, జలుబు కూడా ఉంటాయి.

రోజూ అదే మనిషి ఎత్తుకుంటే బిడ్డకు భరోసా కుదురుతుంది. ఈ ఏడాది నుంచి ఒక్కో ఆయమ్మకు కొందరు పిల్లలను అప్పగించాం. అన్నం తినిపించేది, నిద్రపుచ్చేది, బట్టలు మార్చేది ఆమే. ఆమె సెలవు పెడితే వచ్చే రెండో మనిషి కూడా బిడ్డకు తెలిసినవారే. ఆఫీసుల్లోని శిశు సంరక్షణ కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒకరు ఉండాలంటాయి. ఆ వయసు పిల్లలు పదిమందిని ఒక్కరు ఎలా చూస్తారో నాకు అర్థం కాదు. మన దగ్గర ఆరుగురికి మించనివ్వడం లేదు. ఫీజు ఎందుకు పెరిగిందని అడిగినవారికి ఇదే జవాబు.

మన ఆయమ్మలు ఎక్కువమంది కన్నడం, తమిళం మాట్లాడేవారు. బువ్వకు, నీళ్లకు, ఉచ్చకు, నిద్రకు మీ బిడ్డ ఏ మాట వాడుతుందో చీటీ మీద రాసివ్వండి. చెప్పింది ఎవరికీ అర్థం కాక బట్టలు తడుపుకుని బిక్కమొహం వేసే అవసరం ఏ బిడ్డకూ రాకూడదు.

పొద్దున దిగబెట్టేటప్పుడు చెప్పకుండా జారుకోవద్దు. బొమ్మ చూపించి మాయమైతే ఆ పూటకు ఏడుపు తప్పుతుంది, మర్నాటి నుంచి బిడ్డ మీ కొంగు వదలదు. "నువ్వు నిద్ర లేచి పాలు తాగాక వస్తాను" అని చెప్పి వెళ్లండి. ఆరు గంటలంటే బిడ్డకు తెలియదు, పాలు తెలుసు. మారతహళ్లి దగ్గర ట్రాఫిక్ సంగతి నాకూ తెలుసు. ఆలస్యమైతే ఫోన్ చేయండి, ఆయమ్మ బిడ్డకు చెబుతుంది.

మన ఇళ్లలో జరిగేది ఇంకొకటి ఉంది. అమ్మమ్మో నాయనమ్మో ఊరి నుంచి వచ్చి నెలల తరబడి బిడ్డను సాకి, ఒక రాత్రి అది నిద్రపోయాక బస్సెక్కుతారు. చెబితే ఏడుస్తుందని భయం. తెల్లారి లేస్తే మనిషి లేదు. ఆ వారం బిడ్డ పక్కవాళ్లను కొరుకుతుంది, అన్నం తోసేస్తుంది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు అల్లరి అనుకుని మందలిస్తారు. దయచేసి పెద్దవాళ్ల ప్రయాణం మాకు ముందే చెప్పండి. బిడ్డకూ చెప్పండి, టాటా చెప్పనివ్వండి, ఏడవనివ్వండి. అలాంటి సమయంలో మేం ఆయమ్మనుగాని గదినిగాని మార్చం.

ఉద్యోగం చేసే తల్లులకు ఒక మాట. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో, 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ నియమం వచ్చింది. మీ ఆఫీసులో అడగండి, మా దగ్గర పిల్లలు తగ్గినా పరవాలేదు. (ఆ నాలుగుసార్లలో తండ్రుల ప్రస్తావన లేదు. మన గేటు మాత్రం వారికీ తెరిచే ఉంటుంది.)

ఈ నెల చివరి శనివారం ఉదయం పది గంటలకు డే కేర్ సమావేశం. ఉపన్యాసాలు ఉండవు. మీ బిడ్డ ఆయమ్మ పక్కన కూర్చుని అరగంట మాట్లాడండి, వచ్చీరాని కన్నడమైనా చాలు. చీటీలు ఆ రోజే తెచ్చివ్వవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
బెంగళూరు